మూడు పాయింట్ తొమ్మిది డిగ్రీలు

రెండున్నరకి పిలుస్తాం, అప్పటిదాకా ఇక్కడ కూర్చోండి అని చెప్పి గుమాస్తా తలుపు దగ్గరగా వేసి లోపలికి వెళ్ళిపోయాడు. గోడ గడియారంలో ఒకటి ముప్పై అయిదయింది, అంటే ఇంకా యాభై అయిదు నిమిషాలు ఈ బెంచీ మీదే, ఈ చల్లదనంలోనే, పక్కన బావతో. పక్కన అంటే మరీ పక్కన కూడా కాదు, మధ్యలో ఇద్దరు పట్టేంత ఖాళీ వదిలి కూర్చున్నాడాయన, సాక్షితో మాట్లాడకూడదని వాళ్ళ లాయరమ్మ చెప్పి ఉంటుంది, చెప్పిన మాట జవదాటే మనిషి కాదు. చేతిసంచీలోంచి నీళ్ళ సీసా తీసి ఆ ఖాళీలో పెట్టాడు, పెట్టి మళ్ళీ అటు తిరిగాడు, తాగమని మాత్రం నోటితో అనలేదు. ఇరవై రెండు డిగ్రీలు, అనుకుంది ఆమె. ఇరవై రెండున్నర ఉంటుందేమో. ఏ గదిలోకి అడుగుపెట్టినా ఒళ్ళు ముందు ఆ లెక్కే కడుతుంది, పంతొమ్మిదేళ్ళుగా పట్టుకున్న జబ్బు ఇది, చచ్చిపోయినవాళ్ళని చూడటానికి వెళ్ళినా ఆ ఐసుపెట్టె ఎన్ని డిగ్రీల్లో పెట్టారా అని చూసే రకం తను. ఇప్పుడు మాత్రం ఆ ఇరవై రెండులో వీపు మీద చెమట కాలువ కడుతోంది.

కోర్టు హాలు కాదిది, సాక్షుల వాంగ్మూలాలు ముందుగా రాసుకునే ఆఫీసు, లోపల అడగబోయేది ఒక్క మధ్యాహ్నం సంగతి. కిందటేడు ఒకరోజు పదకొండు నుంచి మూడు దాకా కరెంటు పోయినప్పుడు, కంపెనీ హోటళ్ళన్నిటికీ సరుకు పంపే సెంట్రల్ కిచెన్లో మూడో నంబరు కోల్డ్ రూముకి జనరేటరు నడిచిందా లేదా. నడిచిందంటుంది కంపెనీ. నడవలేదంటారు దావా వేసినవాళ్ళు, అంటే కంపెనీ షేర్లు కొని మునిగిపోయిన నాలుగు వందల చిల్లర మంది, అందులో ఒకడు బావ. సరుకు పాడయిందని కంపెనీకి ఆ రోజే తెలుసు, తెలిసీ దాచిపెట్టి, అంతా భేషుగ్గా ఉందని కాగితాల్లో రాసి మాకు షేర్లు అంటగట్టారు, ఇదీ వాళ్ళ మొర. ఆ రోజే తెలుసా లేదా అన్నది చెప్పగలిగిన మనుషులు ఇద్దరే. ఒకరు కంపెనీ యజమాని పెద్దసారు, ఆయన పెదవి విప్పడు. రెండోది తను. తెలుసు అంటే ఉద్యోగం పోతుంది, పోతే పోయింది, ఏదో చోట కూరగాయలు తరుక్కునయినా బతకొచ్చు, కానీ అక్కాబావల ముందు ఇక తలెత్తుకోలేదు, ఎందుకంటే ఆ షేర్లు మంచివేనని బావకి చెప్పింది తనే. గుర్తులేదు అంటే బావ డబ్బు ఇక రానట్టే, బావ మాత్రం మిగులుతాడు. కంపెనీ లాయరు మూడు రోజులు కూర్చోబెట్టి నలభై ప్రశ్నలకి జవాబులు వల్లె వేయించాడు. "గుర్తులేదు అన్నది అబద్ధం కిందికి రాదు మేడమ్. మీ తల్లోకి ఎవరూ తొంగి చూడలేరు కదా" అన్నాడు టై సర్దుకుంటూ, పాపం ఆయన కూడా ఎవరికో జీతగాడే. తల్లోకి తొంగి చూస్తే ఏముంటుంది, గళ్ళు ఉంటాయి, వరసగా గీసిన నీలం గళ్ళు, వాటి నిండా తన చేతిరాత.

రెండు గంటలకోసారి ఒక్కో కోల్డ్ రూము దగ్గరికి వెళ్ళి, తలుపు పక్కన మీటరు చూసి, రిజిస్టరు గడిలో అంకె వేసి, పక్కన సంతకం చేయాలి. ఏడు రూములు. చూడ్డానికి ఎంతసేపు, కానీ కత్తిపీట దగ్గర ఉన్న మనిషి గ్లవ్స్ విప్పాలి, పెన్ను వెతకాలి, రాయాలి, మళ్ళీ చేతులు కడుక్కోవాలి, తుడుచుకోవాలి, కొత్త గ్లవ్స్ తొడగాలి, ఈలోగా వెనక బుట్టలు పేరుకుపోతాయి, సూపర్వైజరు అరుస్తుంది, ఆ అరిచే సూపర్వైజరు తనే. అందుకని ఎప్పుడో, తను చేరకముందే, అక్కడ ఒక అలవాటు పాతుకుపోయింది, పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కగానే సాయంత్రం దాకా ఉన్న గళ్ళన్నీ ఒక్క ఊపులో నింపేయడం. రిజిస్టరుకి అన్నం పెట్టడం అనేవాళ్ళు దాన్ని. ఏమర్రా, దానికి అన్నం పెట్టారా, పెట్టేశాం మేడమ్, ఇక సాయంత్రం దాకా ఏడవదు. నవ్వులు. తనూ నవ్వింది. నవ్వి ఊరుకుందా, దానికి మెరుగులు కూడా దిద్దింది. అన్నీ నాలుగే వేస్తే తనిఖీకి వచ్చేవాడు గుడ్డివాడనుకున్నారా, అటూ ఇటూ వేయండి, మూడు పాయింట్ ఎనిమిది, నాలుగు పాయింట్ ఒకటి, సాయంత్రం తలుపులు ఊరికే తీస్తారు కాబట్టి అప్పుడు ఒక పిసరు ఎక్కువ వేయండి అని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. అందులో తప్పు కనిపించేది కాదు అప్పట్లో, ఆ గదులు నిజంగానే చల్లగా ఉండేవి మరి, ఎలాగూ ఉండేదే కదా, కొన్ని గంటలు ముందు రాస్తే ఎవరి సొమ్ము పోయింది అనుకునేది. ఎవరి సొమ్ము పోయిందో ఇప్పుడు లోపల బల్ల మీద దొంతర్లుగా పేర్చి పెట్టారు.

ఆ రోజు పదకొండింటికి మోటార్ల హోరు టక్కున ఆగిపోయింది, ఆగాక గానీ తెలియలేదు అన్నేళ్ళుగా ఆ హోరులో బతుకుతున్నామని, అందరూ ఒక్కసారి తలలెత్తి చూశారు. పెరట్లోకి పరిగెత్తింది. జనరేటరు ఉండే సిమెంటు దిమ్మ బోసిగా ఉంది, రెండు రోజుల ముందే దాన్ని బాగుచేయడానికి పట్టుకుపోయారు, దిమ్మ మీద నూనె మరక, మరక పక్కన ఒక పాత బోల్టు, తుప్పు పట్టిన వాషరు. వాషరు కూడా గుర్తుంది. గుర్తులేదట. ఒకపక్క కరెంటు లేదు, ఇంకోపక్క బ్రాంచీలకి సరుకు ఎత్తాలి, ఆ గది తలుపు తీస్తూనే ఉన్నారు, వేస్తూనే ఉన్నారు. పన్నెండున్నరకి చేతి థర్మామీటరు తీసుకుని, ఫోను లైటు వేసుకుని తనే లోపలికి వెళ్ళింది. తరిగిన క్యాబేజీ, సలాడ్ ఆకులు, సంచుల లోపలివైపు చెమ్మ బొట్లు కట్టింది. తొమ్మిది. ఒంటిగంటకి పదకొండు. మూడింటికి మళ్ళీ మోటార్ల హోరు మొదలయ్యే సమయానికి పదిహేను. బయటికి వచ్చి రిజిస్టరు తెరిస్తే ఒంటిగంట గడిలో మూడు పాయింట్ తొమ్మిది, మూడింటి గడిలో నాలుగు, పక్కన తన సంతకం, పొద్దున ఏడుంబావుకి టీ తాగుతూ పెట్టిన సంతకం. కొట్టేసి పక్కన పదిహేను అని వేయొచ్చు. వేస్తే పొద్దున్నే నింపామని ఒప్పుకున్నట్టు, ఆ ఒక్క రోజేనా, పంతొమ్మిదేళ్ళ రిజిస్టర్లూ గంగలో కలిసినట్టు, తను నేర్పిన పిల్లలందరి ఉద్యోగాలూ ఊడినట్టు. పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. సిగ్గుతో కాదు, భయంతో చెయ్యి ఆడలేదు, ఇప్పుడు ఎవరికి ఏం చెప్పుకున్నా చెయ్యి ఆడలేదన్నది మాత్రం నిజం.

ఫోను చేసింది, ఆ మాత్రం చేసింది. పెద్దసారుకి రాతలో ఏదీ పంపకూడదు, ఏదున్నా ఫోనులోనే. సార్, మూడో రూము సరుకు మొత్తం పారేయాలండి అంది. అవతల చెంచాల చప్పుడు, ఎవరివో నవ్వులు, ఎవరికో విందు చేస్తున్నట్టున్నాడు. "రిజిస్టర్లో ఎంతుంది?" అన్నాడు. మూడు పాయింట్ తొమ్మిది సార్. "మరింకేం" అన్నాడు. అది కాదు సార్, అసలు జనరేటరు లేదు, లోపల పదిహేను ఉంది, నేనే చూశాను. నవ్వులకి దూరంగా నడిచినట్టున్నాడు, గొంతు తగ్గించాడు. "చూడమ్మా, వచ్చే వారం షేర్లు వదులుతున్నాం. ఈ వారం నువ్వు లారీలకి లారీలు పారబోస్తే ఎందుకని అడిగేవాళ్ళు వందమంది బయల్దేరతారు. రిజిస్టర్లో ఏముందో అదే జరిగింది." అమ్మా అన్నాడు, ఎప్పుడూ అనడు. నాలుగింటికి లారీలు వచ్చాయి. తను లారీలకి సరుకెక్కించే రేవు దగ్గర నిలబడి సంచులు లెక్కపెట్టి చలానాల మీద సంతకాలు చేసింది.

అరవై మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు, ఒకేసారి కాదు, ఒక వారం ఇద్దరు, ఇంకో వారం పదిమంది, సలాడ్ ఆకుల్లో పెరిగి, కడుపుతో ఉన్నవాళ్ళకి మరీ చేటు చేసే ఆ క్రిమి ఒంట్లో చేరిన వారాలకి గానీ బయటపడదు, అందుకే ఎక్కడ అంటుకుందో తేల్చడానికి నెలన్నర పట్టింది. తేలాక కంపెనీ తరఫున పరామర్శకి తననే పంపారు, ఆడమనిషి వెళితే బాగుంటుందని. చేతిలో పళ్ళబుట్ట, బుట్టలో కవరు, కవర్లో ఏ బ్రాంచీలోనయినా ఏడాదిపాటు ఉచితంగా భోంచేయడానికి కూపన్లు. ఆ కూపన్లు పెట్టించిన మహానుభావుడు ఎవరో గానీ వాడి తెలివి తెల్లారినట్టే ఉంది. మంచం మీద అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. ఏడో నెలలో కడుపు పోయింది. ఇటు తిరగలేదు. తల్లి స్టూలు జరిపి, "కూర్చోండమ్మా, ఎండలో వచ్చారు" అంది. ఎవరూ అడక్కుండానే, "దానికి ఆ సలాడంటే ఇష్టం. వేడి చేయదు, ఒంటికి మంచిదని నేనే రోజూ తెచ్చిపెట్టేదాన్ని" అంది, అని కవరు తీసుకుని లోపల ఏముందో చూడకుండానే దిండు కింద పెట్టింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తను ఏమంది, త్వరగా కోలుకోవాలండి అంది, నోరు ఎలా వచ్చిందో. ఇప్పుడు ఈ దావా కాగితాలు రెండు వందల పేజీలు, కంపెనీ లాయరు చదివించాడు, వాటిలో ఆ అమ్మాయి ఊసే లేదు. అది వేరే కేసు మేడమ్, వాళ్ళకి ముట్టజెప్పాల్సింది ముట్టజెప్పాం, దీనికీ దానికీ సంబంధం లేదు అన్నాడు. ఈ రెండు వందల పేజీల్లో షేరు ఏ రోజు ఏ నిమిషానికి పడిందో ఉంది, మళ్ళీ ఎప్పుడు లేచిందో, మళ్ళీ ఎంత పడిందో ఉంది. ఆమె ఆ పేజీలు తిప్పుతూ ఏడో నెల అన్న మాట కోసం వెతికింది, లేదని తెలిసి కూడా చివరిదాకా వెతికింది.

బావ దగ్గాడు. రెండయింది. ముప్పై నాలుగేళ్ళు బస్సు డిపోలో ఇంజన్ల కింద వెల్లకిలా పడుకున్న మనిషి, రిటైరయి రెండేళ్ళయినా గోళ్ళ చివర నలుపు వదల్లేదు, ఈ మెరిసే గదిలో ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద బోర్లించి పెట్టుకున్నాడు. నాన్న పోయినప్పుడు తనకి పదమూడేళ్ళు, అక్కకి పెళ్ళయి ఇంకా ఏడాది నిండలేదు. ఒంటిగది ఇల్లు, అందులోకే తనని తెచ్చుకున్నాడు, తెచ్చుకోమని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత డిప్లొమా చదివించాడు, ఆహారం పాడవకుండా చూసే చదువు కూడా ఉంటుందా అని ఆశ్చర్యపోయి, పదిమందికి చెప్పుకుని మురిసిపోయాడు. పరీక్షలకి సైకిలు మీద దింపి మూడు గంటలూ గేటు దగ్గర నిలబడేవాడు, బయటికి రాగానే ఎలా రాశావని అడిగేవాడు కాదు, ఆకలేస్తోందా అని అడిగేవాడు. అలాంటి మనిషి ఫోను చేశాడు, కరెంటు పోయిన నాలుగో రోజు, గొంతులో ఉత్సాహం దాచుకోలేక. ఏమే చిట్టీ, మీ కంపెనీ షేర్లు వదులుతోందట కదా, డిపోలో అందరూ అనుకుంటున్నారు, రిటైరయిన డబ్బు ఊరికే పడుంది, పెట్టమంటావా. వద్దనాలి. వద్దంటే ఎందుకంటాడు. ఎందుకో చెబితే అది ఆయన కడుపులో దాగదు, డిపో అంతా పాకుతుంది, తెల్లారేసరికి పెద్దసారు చెవిలో పడుతుంది. చివరికి, మంచి కంపెనీయే బావా అంది. ఈ మాట అనడానికి ఎంతసేపు పట్టిందని, రెండు సెకన్లు. ఆయన మర్నాడే వెళ్ళి ఉన్నదంతా పెట్టి వచ్చాడు, అక్క ఇంటి మీద గది వేయించుకుందామని ఎదురుచూసిన డబ్బు కూడా అందులోనే ఉంది. పోయాక ఒక్కమాట అనలేదు. నీకు మాత్రం ఏం తెలుసే, నిన్నూ మోసం చేశారు అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచీ ఆ ఇంట్లో అన్నం సయించడం లేదు, అయినా పిలిచినప్పుడల్లా వెళ్ళి కూర్చుంటోంది, మానేస్తే అనుమానం వస్తుందేమోనని.

"అక్క రాలేదేం బావా" అంది. ఆయన తలుపు వైపు ఒకసారి చూశాడు. "మనవరాలికి టీకా వేయించాలి, తీసుకెళ్ళింది. లేకపోతే తనూ వచ్చేదే" అన్నాడు. మోకాళ్ళ మీది చేతులకేసి చూసుకుంటూ అన్నాడు. "చిట్టీ, వాళ్ళేం అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పు. మేం నిన్నేమీ అనుకోం. మీ అక్క కూడా అదే చెప్పమంది." సరే బావా అంది. అనుకోరట. వెర్రి మాలోకం, ఏం వినబోతున్నాడో తెలిస్తే అంటాడా ఆ మాట. తెలుసు బావా, నాకు ఆ రోజే తెలుసు, తెలిసే నిన్ను అందులోకి తోశాను అంటే, ఈ నీళ్ళ సీసా తీసుకుని లేచి వెళ్ళిపోతాడు, అరవడు, అరవడం చేతకాదు, ఇంటికి వెళ్ళి గుమ్మంలోనే కూర్చుంటాడు, అక్క ఏమయిందని అడుగుతుంది. అక్కడిదాకా వచ్చి ఆలోచన ముందుకి కదలదు. ఇంకోవైపు చూస్తే గుర్తులేదు అన్నది చిన్న మాట, నాలుగు అక్షరాలు, అంటే చాలు, ఆదివారం పిలుస్తారు, వెళుతుంది, తింటుంది, వస్తుంది. డబ్బుదేముంది, జీతంలోంచి నెలనెలా కొంత ఏదో వంకతో అక్క చేతిలో పెట్టొచ్చు. పెట్టొచ్చు. అలా తేల్చుకున్నాక ఒళ్ళు కాస్త తేలికపడింది, తేలికపడినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది, అదీ కాసేపే.

గుమాస్తా వచ్చి పిలిచాడు. పొడవాటి బల్ల, ఒక చివర కెమెరా, టైపు చేసే అమ్మాయి, ఇటు కంపెనీ లాయరు, అటు కళ్ళజోడు లాయరమ్మ, ఆవిడ వెనక కుర్చీలో బావ. ఇరవై ఒకటి ఇక్కడ, ఒక డిగ్రీ తక్కువ. అంతా నిజమే చెబుతానని చదివించారు, చదివింది. లాయరమ్మ గొంతు మెత్తగా ఉంది, భయపెట్టేలా లేదు. ఆ రోజు జనరేటరు ఆవరణలో ఉందా. గుర్తులేదండి. నూనె మరక, బోల్టు, వాషరు. మీరు ఆ గదిలోకి స్వయంగా వెళ్ళి చూశారా. గుర్తులేదండి. చెమ్మ బొట్లు. ఈ సంతకం మీదేనా. నాదే. ఇది ఏ సమయానికి చేశారు. గుర్తులేదు. ఒక్కో జవాబుకీ నోరు ఇంకాస్త సులువుగా తిరుగుతోంది, కంపెనీ లాయరు కుర్చీలో వెనక్కి వాలాడు, బావ తల కొద్దిగా ఊపుతున్నాడు, ఫరవాలేదు, కంగారుపడకు అన్నట్టు, పరీక్ష హాలు గేటు దగ్గర ఊపినట్టే. లాయరమ్మ ఆ ప్రశ్నల కాగితం పక్కన పెట్టేసి, ఫైల్లోంచి ఇంకో చిన్న కాగితం తీసింది.

"ఆ నెలలో మీ ఇంట్లోవాళ్ళని ఎవరినయినా, మీ కంపెనీ హోటల్లో తినొద్దని హెచ్చరించారా?"

నలభై ప్రశ్నల్లో ఇది లేదు. ఆ రోజు, లారీలు వెళ్ళిపోయాక, బస్సులో నిలబడి ఇంటికి వెళుతూ, సాయంత్రం ఆరింటికి, ఒక చేత్తో పైకమ్మీ పట్టుకుని ఇంకో చేత్తో అక్కకి ఫోను చేసింది. అక్క కూతురికి అప్పుడు అయిదో నెల. దాన్ని మా హోటల్ గుమ్మం తొక్కనీకు, ఏ బ్రాంచీ అయినా సరే, ముఖ్యంగా ఆ సలాడ్లు. ఎందుకని అడక్కు. ఎవరికీ చెప్పకు. అక్క అడగలేదు. సరేనే అంది, పెట్టేసింది. ఏడాదిన్నరగా మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు, మర్చిపోయిందనుకుంది తను, నిజానికి తనే మర్చిపోయింది, మర్చిపోవడానికి అంతగా తంటాలు పడింది మరి. ఆ ఫోను సంగతి ఈ లోకంలో తను కాక ఇంకొక్క మనిషికే తెలుసు. షేర్లు పోయిన రోజే అక్క అన్నీ కలిపి చూసుకుని ఉంటుంది, ఆదివారాలు అన్నం వడ్డిస్తూ, ఇంకొంచెం వేసుకోవే అంటూ, అన్నీ తెలిసే వడ్డించి ఉంటుంది. బావ తల ఊపడం ఆపేశాడు. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. కంపెనీ లాయరు గబుక్కున ముందుకి వంగి, ఈ ప్రశ్నకి దావాతో సంబంధం లేదన్నాడు, లాయరమ్మ ఉందంది, ఇద్దరూ కాసేపు వాదులాడుకున్నారు, ఆ మాటలు ఎక్కడో దూరంగా వినిపించాయి. గుర్తులేదు అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ గుర్తులేదంటే అక్క అబద్ధం చెప్పినట్టవుతుంది.

"చెప్పాను" అంది.

"ఎవరికి?"

"మా అక్కకి. తన కూతురు కడుపుతో ఉంది, దాన్ని తిననీయొద్దని."

"ఎప్పుడు?"

"కరెంటు పోయిన రోజే. సాయంత్రం ఆరింటికి."

లాయరమ్మ ఏదో రాసుకుంది. ఆవిడకి కావలసింది దొరికింది, ఆ రోజే తెలుసని తేలింది, ఇక లేవొచ్చు. లేవలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది, ఆ తర్వాతి ప్రశ్న ఏ కాగితంలోదీ కాదు, ఆవిడకే అడగాలనిపించి అడిగినట్టుంది. "ఇంకెవరికయినా చెప్పారా?" రేవు దగ్గర లారీ డ్రైవర్లు ఎదురుగానే ఉన్నారు ఆ రోజు, నలుగురు, పేరుపేరునా తెలుసు. బస్సులో పక్కన నిలబడ్డ ఆవిడ చేతిలో కంపెనీ బొమ్మ ఉన్న సంచీ ఉంది. స్టూలు జరిపిన తల్లి ఆ సాయంత్రం ఏ బ్రాంచీలోనో వరసలో నిలబడి ఉంటుంది, కూతురికి ఆకలేస్తుందని తొందరపడుతూ, ఆరింటికో, ఆరున్నరకో. బావ కళ్ళు తుడుచుకుంటున్నాడు, డబ్బు గురించో, మనవరాలి గురించో, తన గురించో తెలియలేదు. పెదవులు కదిపింది. టైపు చేసే అమ్మాయి తలెత్తి, వినబడలేదండీ, కొంచెం గట్టిగా చెప్పండి అంది.

"ఇంకెవరికీ చెప్పలేదు" అంది ఆమె, గట్టిగానే.